ప్రమీలక్క చెప్పిన రేటు

ఎవరైనా నాకు థాంక్స్ చెబితే ఐదేళ్లుగా గొంతులో ముల్లు గుచ్చుకుంటోంది. చేప ముల్లయితే అన్నం ముద్ద మింగితే దిగిపోతుంది. ఇది దిగలేదు. నా భర్తకు చెప్పలేదు. మా అమ్మకు అసలే చెప్పలేదు, ఎందుకో ముందుకు పోతే మీకే అర్థమవుతుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. దీన్ని ధైర్యం అనరని నాకు తెలుసు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారు. నేను లెక్కపెట్టి ఊరుకోలేదు, ఒక వాసం పీక్కొచ్చాను. ఆ ఇంటావిడ ఆ తర్వాత కూడా నన్ను చెల్లె అనే పిలిచేది. మొన్నటిదాకా.

ఆమె పేరు ప్రమీలక్క అనుకుందాం. అసలు పేరు అది కాదు. బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో నేను చేరేసరికి ఆమె క్వాలిటీ విభాగంలో సీనియర్. మాది కాగితాల పని. మందు తయారైన ప్రతి విడతకూ ఒక లావు రికార్డు ఉంటుంది. ఏ పొడి ఎంత తూచారు, ఎన్ని గంటలకు వేడి చేశారు, ఎవరు చూశారు, ఎవరు సంతకం పెట్టారు, అన్నీ అందులో ఉండాలి. ఆడిట్ వస్తుందంటే ఆ రికార్డులన్నీ మొదటి పేజీ నుంచి చూసి తప్పులు పట్టాలి, పని పద్ధతుల పత్రాలు కొత్తగా రాయాలి. డిగ్రీ చేసి వచ్చానన్న మాటే గాని నాకు ఏమీ రాదు. మొదటి నెలంతా నా పేజీలు ఆమే మళ్లీ చూసింది. మేనేజరు తిట్టబోతే, నేనే సరిగా చెప్పలేదు సార్ అని తన మీద వేసుకునేది. కంపెనీ బస్సులో నాకు సీటు పట్టేది. ఇవన్నీ అప్పుడు మామూలుగా తోచాయి. మంచి మనుషులు మంచిగా ఉంటే మనకు వింతగా ఉండదు కదా.

తర్వాత వాళ్లాయనకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పూర్తిగా పడిపోయింది, మాట ముద్దయిపోయింది. ప్రమీలక్క ఉద్యోగం మానేసి పటాన్‌చెరులో రెండు గదుల కిరాయి ఇంట్లో ఆయన్ను చూసుకుంటూ, ఇంటి నుంచే కంపెనీలకు రోజు లెక్కన ఈ కాగితాల పని చేయడం మొదలుపెట్టింది. ఇరవై రోజులు ఒకరికి, నెల రోజులు ఇంకొకరికి. ఆన్‌లైన్ మీటింగుల్లో ఆమె కెమెరా ఎప్పుడూ ఆపే ఉండేది. వెనకాల మంచం కనపడుతుంది చెల్లె, అందుకే, అని నాకొక్కదానికే చెప్పింది. ఇంట్లో పేషెంటు ఉన్నాడని తెలిస్తే పని ఇవ్వడానికి వెనకాడతారని ఆమె భయం. ఈ సంగతి గుర్తుంచుకోండి.

కాన్పు తర్వాత నేనూ ఫ్యాక్టరీ మానేశాను. పాపకు ఎనిమిది నెలలు వచ్చేసరికి ఇంట్లో ఊరికే కూర్చోలేకపోయాను. నాకూ అలాంటి పని ఇప్పించమని ప్రమీలక్కను అడిగాను. ఇప్పిస్తాను గాని, రోజుకు ఎంత అడుగుతావు అంది. నేను టక్కున నా పాత జీతాన్ని ఇరవై ఆరుతో భాగించి చెప్పాను. ఫ్యాక్టరీలో ఒకరోజు నాగా పెడితే కోసేది ఆ లెక్కనే కదా. తొమ్మిది వందలు కూడా రాలేదు. ఆమె ఫోన్లో చాలాసేపు నవ్వింది.

"నీ జీతంల బస్సు ఉండె, క్యాంటీన్ ఉండె, పీఎఫ్ ఉండె, పండుగ సెలవు ఉండె. ఇప్పుడు గవన్నీ ఎవరిస్తరు? కరెంటు పోతే ఇన్వర్టర్ నీదే, నెట్ నీదే. ఇరవై దినాల పని అయిపోయినంక ఇంకోటి దొరికేదాంక ఖాళీగ ఉంటవు సూడు, ఆ దినాల తిండి గూడ ఈ ఇరవై దినాలే పెట్టాలె. పని ఎంత చిన్నగుంటే రేటు అంత పెద్దగుండాలె చెల్లె."

ఆ తర్వాత ఒక వారం పాటు, వాళ్లాయన నిద్రపోయే మధ్యాహ్నాల్లో, నాకు పాఠం చెప్పినట్టు చెప్పింది. ఎన్ని రికార్డులు చూడాలో ముందే రాయించుకోవాలట. దిద్దుబాట్లు ఎన్నిసార్లు చేస్తామో కూడా మెయిల్లో ఉండాలట. వాళ్లు బడ్జెట్ ఎంతని చెప్పేదాకా మనం ఒక మెట్టు కూడా దిగకూడదట. అడగడానికి సిగ్గుపడితే, ఒప్పుకున్నాక నెలంతా ఏడవాలట.

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, ఇదంతా మా అమ్మకు ఎప్పుడో తెలుసు. గుమ్మడిదల వైపు ఒక ఊర్లో అమ్మ కూలికి పోయేది. నాట్లు మొదలయ్యే ముందు వాళ్ల గుంపులోని ఆడవాళ్లంతా ఎవరో ఒకరి వాకిట్లో కూర్చుని ఈ ఏడు కూలి ఇంత అని అనుకునేవాళ్లు. అనుకున్నాక ఎవరూ ఒక్క రూపాయి తక్కువకు పోకూడదు. ఆసామి ఎంత దగ్గరివాడైనా, ఎంత బతిమాలినా సరే. "ఒక్కరు తగ్గితే అందరి కూలి తగ్గుతది" అని అమ్మ అనేది. ఒక ఏడు మాట కుదరక గుంపంతా మూడు రోజులు ఇంట్లో కూర్చుంది. ఒక ఆసామి అమ్మకు మాత్రం కబురు పంపాడు, కొంచెం తక్కువకు నువ్వొక్కదానివి రా, ఎవరికీ చెప్పను అని. అమ్మ పోలేదు. ఆ మూడు రోజులూ మాకు జొన్నరొట్టె, కారం. నాకు పదేళ్లు. అమ్మ మీద ఎంత కోపం వచ్చిందో.

నేను చదువుకున్నాను, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కూలి అనే మాట నోటికి రానిచ్చేదాన్ని కాదు. వాళ్లది కూలి, మాది రేటు. వాళ్లు వాకిట్లో అందరి ముందు అనుకునేది, మేము ఎవరికి వాళ్లం మెయిల్లో పంపేది. ఈ తేడాను ఎంత గట్టిగా నమ్మానంటే, అమ్మ నియమం నాకూ ఉంటుందన్న ఊహే రాలేదు. రోజు లెక్కన పని చేస్తూ నేను రోజు కూలీని కాదనుకున్నాను. నా తప్పుకు మొదలు అక్కడ ఉందేమో. లేక ఇప్పుడు కూడా సాకు వెతుకుతున్నానా? తప్పులన్నీ ఊహ రాకనే చేస్తామా?

ఇక అసలు సంగతి. తెల్లాపూర్‌లో పెద్ద అపార్ట్‌మెంట్లో ఉండే ఒక సారు మందుల కంపెనీలకు కన్సల్టెన్సీ నడిపేవాడు. ప్రమీలక్క అప్పటికే ఆయనకు మూడు పనులు చేసింది. వేరే రాష్ట్రంలో ఒక కంపెనీకి విదేశీ ఆడిట్ ఉందని, ముప్పై రోజుల పని, ఇద్దరు మనుషులు కావాలని ఆయన ఆమెను అడిగాడు. ఆమె రోజుకు మూడున్నర వేలు చెప్పింది. రెండో మనిషిగా నా పేరు చెప్పి నా నంబర్ ఇచ్చింది. వెంటనే నాకు ఫోన్ చేసింది. నువ్వు కూడా అదే రేటు చెప్పు, అనుభవం తక్కువని తగ్గకు, ఇద్దరం ఒక్క మాట మీద ఉందాం అంది. సరే అక్కా అన్నాను. ఆ రోజు ఆమె గొంతులో ఎంత సంతోషమో. కలిసి పని చేయక రెండేళ్లయింది మరి.

మర్నాడు పొద్దున సారు ఫోన్ చేశాడు. పాపకు ఉగ్గు తినిపిస్తున్నాను. చెయ్యి తుడుచుకుని ఎత్తాను.

"ఒక్కరికే బడ్జెట్ ఉందంటున్నారండీ కంపెనీవాళ్లు. ప్రమీల గారు మూడున్నర వేలు చెప్పారు. మీరెంత అనుకుంటున్నారు?"

"రెండు వేలు సార్."

అంతే. ఆయన తగ్గించమని అడగలేదు. బేరం ఆడలేదు. ఆయన మాట పూర్తయిందో లేదో నా నోట్లోంచి వచ్చేసింది. సాయంత్రానికి పని నాకు ఖాయమైంది.

ఎందుకు అలా అన్నాను? ఆకలా? కాదు. నా భర్తకు ప్యాకింగ్ యూనిట్‌లో జీతం వస్తోంది, ఇంటి కిరాయి కడుతున్నాం, పాపకు పాలున్నాయి. ఆకలి అని చెప్పుకుంటే మీరు కొంచెం జాలిపడతారని తెలుసు, కానీ అది అబద్ధం. కాన్పయినప్పటి నుంచి నన్ను పాప తల్లి అని తప్ప ఎవరూ ఏమీ అనలేదు. ఇంట్లో కూర్చుని ఫోన్ చూసుకుంటుంది అని మా అత్తమ్మ పక్కింటావిడతో అంటుంటే విన్నాను. ఎవరైనా నన్ను మళ్లీ మేడం అనాలని నాకు ఆశ. ఆ ఆశ ఖరీదు ప్రమీలక్క కట్టింది.

అదే సాయంత్రం ఆమె ఫోన్ వచ్చింది. ఈసారి కొత్త ఫార్మాట్లు బాగా తెలిసినవాళ్లు కావాలంటున్నారని సారు ఆమెకు మర్యాదగా చెప్పాడట. నీకన్నా వచ్చింది, మంచిగైంది అంది. గొంతులో బాధ వినపడనివ్వలేదు. తర్వాత అడిగింది, రేటు తగ్గలేదు కదా అని. లేదక్కా, మూడున్నరకే ఒప్పుకున్నారు అన్నాను.

శభాష్ చెల్లె అంది.

ఆ శభాష్ విన్నాక కూడా నేను ఫోన్ పెట్టేసి పాపకు స్నానం చేయించాను. అన్నం తిన్నాను. మనిషి తినగలడు, అదే ఆశ్చర్యం.

పని మొదలైన తొమ్మిదో రోజుకే నేను ఇరుక్కుపోయాను. ఒక మందు చేసిన పాత్రలో ఇంకో మందు చేసే ముందు ఆ పాత్ర శుభ్రమైందని రుజువు చూపే రికార్డులు ఉంటాయి. వాటిని నేనెప్పుడూ ముట్టలేదు. తెలిసినట్టు ఒప్పుకున్నాను. ఎవరిని అడగాలి? సిగ్గు విడిచి ప్రమీలక్కనే అడిగాను. నాలుగు రోజులు, వాళ్లాయనకు తినిపించి పడుకోబెట్టి, వీడియో కాల్‌లో కూర్చుని ఒక్కొక్క పేజీ చూపించింది. తనకు దక్కని పనిలో తను నాకు సాయం చేసింది. అందులో వాటా అడగలేదు. అడగాలన్న ఆలోచన కూడా ఆమెకు వచ్చినట్టు లేదు. ముప్పై రోజులు అయ్యాక సారు ఇంకో పది రోజుల పని దిద్దుబాట్ల పేరుతో ఊరికే చేయించుకోబోతే, ఏం రాయాలో కూడా ఆమే చెప్పింది. ఒప్పుకున్న పని వేరు, కొత్తగా మోపిన పని వేరు, దీనికి రోజు లెక్క కట్టమని అడుగు అంది. ఎంత అని అడిగితే, నీ రేటే, మూడున్నర అంది. భయపడుతూ మూడున్నర అని మెయిల్ పెట్టాను. సారు ఒక్క మాట మాట్లాడకుండా ఇచ్చాడు. అంటే మొదటి రోజు కూడా ఇచ్చేవాడే.

ఇక్కడిదాకా రాసి రెండు రోజులు ఆగాను. ఇదే నా తప్పు, అక్కకు ఇచ్చిన మాట తప్పి రేటు తగ్గించాను, అని ముగించేద్దామనుకున్నాను. చదివినవాళ్లు పాపం పిల్లది, కొత్త కదా అనుకుంటారు. కానీ నేను మీకు ఆ ఫోన్ మాట సగమే చెప్పాను. మా పనిలో ఒక నియమం ఉంది. రికార్డులో తప్పు రాస్తే దాన్ని చెరపకూడదు, పేజీ చింపకూడదు. కింద ఉన్నది కనపడేలా ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. నాకు ఇది నేర్పింది కూడా ఆమే. అందుకే పైన రాసింది అలాగే ఉంచుతున్నాను. మిగతా సగం ఇదిగో.

నేను రెండు వేలు అన్నాక సారు వెంటనే ఒప్పుకోలేదు. ఇలా అన్నాడు.

"నిజం చెప్పాలంటే ఆమెకే ఇద్దామనుకుంటున్నానండీ. పని తెలిసిన మనిషి. ఆమె చూసిన రికార్డుల్లో ఆడిటర్లు ఇంతవరకు ఒక్క తప్పు పట్టలేదు. నాలుగు డబ్బులు ఎక్కువైనా నాకు తలనొప్పి ఉండదు."

"అవును సార్, ప్రమీలక్క పని మంచిగనే చేస్తది. కాని వాళ్లాయనకు పక్షవాతం. లేపుడు, తినిపించుడు అన్నీ ఆమెనే. ఇప్పుడు జెర పని లేటు అయితున్నది."

"అవునా? ఆమె ఎప్పుడూ చెప్పలేదే."

"చెప్పదు సార్."

ఆమె ఏ పనీ ఒక్క పూట లేటు చేయలేదు. నాకు తెలిసి ఎప్పుడూ లేదు. నాకు ఒక్కదానికే నమ్మి చెప్పిన సంగతిని తీసుకుపోయి, దానికి ఒక అబద్ధం తగిలించి, ఆమెకు పని ఇచ్చే మనిషి చేతిలో పెట్టాను. రెండు వేలు అన్నది నోరు జారిన మాట అనుకున్నా అనుకోవచ్చు. ఇది జారింది కాదు. "అవును సార్" అని మొదలుపెట్టి, ముందు పొగిడి, తర్వాత పొడిచాను. ఆ తెలివి నాకు ఎక్కడిది? ఎవరూ నేర్పలేదు. ప్రమీలక్క నేర్పినవాటిలో అది లేదు. మంచం మీద ఉన్న మనిషిని బేరంలోకి లాగాను. నేను ఫ్యాక్టరీలో ఉన్న రోజుల్లో వాళ్లింటికి పోతే, ఏం బిడ్డా తిన్నావా అని అడిగిన మనిషి ఆయన.

ఆ సారు ఆమెను మళ్లీ పిలవలేదు. నన్ను పిలిచాడు. ఆయన చెబితే ఇంకొకరు పిలిచారు. ఈ ఐదేళ్లలో నా రేటు పెరిగింది, నాకు పేరొచ్చింది. ఇస్నాపూర్, బొల్లారం, పాశమైలారం వైపు ఉద్యోగాలు మానేసి ఇళ్లలో ఉన్న ఆడపిల్లలు ఫోన్ చేస్తారు, మేడం రోజుకు ఎంత అడగాలి అని. నేను చెబుతాను. బస్సు లేదు, క్యాంటీన్ లేదు, ఖాళీ రోజుల తిండి కూడా ఈ రోజులే పెట్టాలి అని. పని ఎంత చిన్నదైతే రేటు అంత పెద్దగా ఉండాలి అని. వాళ్లు రాసుకుంటారు. మీరు చెప్పాక ధైర్యం వచ్చింది మేడం అంటారు. అవి నా మాటలు కావని ఒక్కరికీ చెప్పలేదు.

ప్రమీలక్క మాత్రం మారలేదు. పాపకు డెంగీ వచ్చి ఆస్పత్రిలో ఉన్నప్పుడు నాకు ఆరు రోజుల పని మిగిలిపోయింది. తారీఖు దాటితే ఆ కంపెనీ చేజారిపోతుంది. ఆమె నా లాగిన్ తీసుకుని ఆరు రోజుల పని ఐదు రోజుల్లో చేసి నా పేరు మీదే పంపింది. లేటు అవుతుందని నేను చాడీ చెప్పిన మనిషి. నేను డబ్బు ఇవ్వబోతే, పిల్లకు పండ్లు కొను అంది. ఈ రోజు నాకొక పని ఉందంటే, నా మాటకు విలువ ఉందంటే, నా కూతురు మంచి బడికి పోతోందంటే, అది ప్రమీలక్క పెట్టిన భిక్ష. ఇది పెద్ద మాట అనుకోకండి. నేను ఎవరి దగ్గరా ఇంత తీసుకోలేదు, కన్నతల్లి దగ్గర తప్ప. ఐదేళ్లుగా ఆమెను తలచుకోని రోజు లేదు. తలచుకున్నప్పుడల్లా ముందు మనసు నిండుతుంది, ఆ వెంటనే తల వంగుతుంది. రెండూ కలిసే వస్తాయి.

అంత ప్రేమ ఉంటే ఎందుకు చెప్పలేదు? భయం వల్ల అనుకునేదాన్ని. బాగా తరచి చూస్తే అది కాదు. ఆమె చెల్లె అనడం నాకు కావాలి. చెబితే ఆ పిలుపు పోతుంది. ఆమె మంచితనం నాకు అలవాటైపోయింది. పైగా, పాతది కదా, ఇప్పుడు చెప్పి ఆమెను బాధపెట్టడం ఎందుకు అని నన్ను నేను మంచిదానిగా కూడా అనుకున్నాను. జరిగిన నష్టం జరిగిపోయింది, అక్కడితో ఆగిపోయింది అనుకున్నాను.

ఆగలేదని గత నెలలో తెలిసింది.

ఒక శనివారం ఆమె ఫోన్ చేసింది. చాలా రోజులకు ఒక కొత్త కంపెనీ అడిగిందట, పదిహేను రోజుల పని. సోమవారం కల్లా రేటు చెప్పాలట. ఎంత చెప్పమంటవు అని నన్ను అడిగింది. నాకు లెక్కపెట్టడం నేర్పిన మనిషి నన్ను అడిగింది. నేను ఏదో అనేలోపు, పదిహేను వందలు అంటే ఎక్కువైతదా అంది.

ఐదేళ్ల కింద మూడున్నర చెప్పినామె. నాకు ఫోన్ చేసే పిల్లలందరికీ ఐదు వేలు అడగమని నేను చెబుతున్న రోజులివి. ఐదు వేలు చెప్పక్కా అన్నాను.

"నాకెవరిస్తరు చెల్లె? గప్పుడు నీకూ నాకూ ఒక్కటే రేటు. అయినా నిన్నే తీస్కున్నరు. అంటే నా పనిలనే తక్కువున్నట్టు కదా. గప్పటిసంది నేనే తగ్గించుకుంటొస్తున్న. నా పని గంతే."

నేను ఆ సాయంత్రం పైకి తేలిగ్గా చెప్పిన అబద్ధం, మూడున్నరకే ఒప్పుకున్నారు అన్నది, ఐదేళ్లుగా ఆమె ఇంట్లో ఇలా పని చేసింది. నేను రెండు వేలకు పోయానని తెలిసి ఉంటే ఆమె నన్ను తిట్టుకునేది, అంతే. తిట్టుకుని తన రేటు మీద తను నిలబడేది. నా పరువు కాపాడుకోవడానికి చెప్పిన మాట వల్ల ఆమె తన పనినే అనుమానించింది. ఒక్కరు తగ్గితే అందరి కూలి తగ్గుతుందని అమ్మ అన్నది. ఇక్కడ తగ్గింది కూలి ఒక్కటే కాదు.

ఆదివారం మధ్యాహ్నం షేర్ ఆటో ఎక్కి పటాన్‌చెరు వెళ్లాను. ప్రమీలక్క వాళ్లాయన్ను గోడకు దిండు ఆనించి కూర్చోబెట్టి పెరుగన్నం తినిపిస్తోంది. నన్ను చూసి సంబరపడింది, తింటావా అంది. కూర్చోకుండానే మొదలుపెట్టాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. రెండు వేలు అన్న సంగతి చెప్పాను. మూడున్నర అని అబద్ధం ఆడిన సంగతి చెప్పాను. తర్వాత సారు ఆమె పనిని మెచ్చుకున్న సంగతి, దానికి నేను చెప్పిన ఆ మూడోది, పక్షవాతం మాట, లేటు మాట. ఆయనకు మాట సరిగా రాదు గాని అన్నీ అర్థమవుతాయి. నా వైపే చూస్తున్నాడు. ఆయన ముందే చెప్పాల్సి వచ్చింది, అదీ నాకు తగిందే.

ఆమె చేతిలో చెంచా అలాగే ఉంది. నన్ను చూడలేదు. చెంచా వైపే చూస్తూ అడిగింది.

"లేటు అయితదని నువ్వే అన్నవా?"

"నేనే అన్న అక్కా."

"సారు నా పని గురించి ఏమన్నడు? మళ్లొకసారి చెప్పు."

చెప్పాను. పని తెలిసిన మనిషి అన్నాడని, ఆమె చూసిన రికార్డుల్లో ఆడిటర్లు ఒక్క తప్పు పట్టలేదన్నాడని, డబ్బు ఎక్కువైనా ఆమెకే ఇద్దామనుకున్నాడని. ఆయన వాడిన మాటలు వాడినట్టే చెప్పాను. ఐదేళ్లుగా మరిచిపోలేదు కదా. ఆమె ఇంకోసారి చెప్పించుకుంది. తర్వాత చెంచాతో వాళ్లాయన మూతి పక్కన అంటిన మెతుకు తీసి, ఇగ నువ్వు పో అంది. కోపంగా అనలేదు. మెత్తగానూ అనలేదు.

క్షమించమని అడగాలని దారంతా అనుకుంటూ వెళ్లాను. అడగలేదు. ఆమె దగ్గర ఇన్నేళ్లు ఇన్ని తీసుకున్నాను, పోతూ పోతూ అది కూడా అడిగి తీసుకోవాలా అనిపించింది.

ఇది జరిగి మూడు వారాలు. ఆమె ఫోన్ చేయలేదు. సోమవారం ఎంత చెప్పిందో, ఆ పని వచ్చిందో లేదో నాకు తెలియదు, అడిగే హక్కు లేదు. ఆమె ఇక నన్ను చెల్లె అనకపోవచ్చు. నన్ను అడిగే పిల్లలకు మాత్రం ఇప్పుడు చెబుతున్నాను, ఇది నా లెక్క కాదు, ఒక అక్క నేర్పింది, ఆమెకు నేను ద్రోహం చేశాను అని. కొందరు మళ్లీ ఫోన్ చేయడం లేదు. అమ్మకు ఇంకా చెప్పలేదు, చెప్పాలి. అయినా నాకు తేలికగా ఉంది. తేలికగా ఉండటం న్యాయమో కాదో నాకు తెలియదు, ఉంది గనక చెబుతున్నాను.

ఆ రోజు గడప బయట చెప్పులు వేసుకుంటుంటే లోపలి నుంచి ఆమె మాట వినపడింది. ఆయనతో అంటోంది.

"ఇన్నవా? నా పనిల తప్పు లేదట."

ఆయన ఏదో అన్నాడు, నాకు అర్థం కాలేదు. ఆమెకు అర్థమైనట్టుంది. ఇంకొంచెం గట్టిగా అంది.

"ఒక్కటి గూడ లేదట."